వాత వద్దన్న జోగులమ్మ

తెలకపల్లి చుట్టుపక్కల ఎద్దు కుంటితే ముందుగా వినిపించే పేరు గోవిందుది. ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో చర్మం మీద రెండు గీతలు గీస్తే చాలు, పడుకున్న ఎద్దు లేచి నడుస్తుందని పేరు. వాతం వచ్చింది కాబట్టి వాత పెట్టాలట. రెండు మాటలూ ఒకేలా ఉన్నాయి కదా, ఇంకేం రుజువు కావాలి.

ఆయన కూతురు జోగులమ్మ. వాతలు పెట్టేటప్పుడు దూడల తలలు పట్టుకునే పని చిన్నప్పుడు ఆమెదే. ఆ కాలిన వాసనకు ఆ రోజంతా అన్నం సయించేది కాదు. పెళ్లయ్యాక భర్తతో పుణె దాకా కూలికి పోయింది. అతను పోయాక పుట్టింటికి వచ్చి, పక్కింటివాళ్ల కుంటి ఎద్దుకు ఆముదం రాసి, పిసికి, వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెట్టింది. ఎద్దుకు బాలింత స్నానం చేయిస్తోందని ఊరంతా నవ్వింది. నవ్వేవాళ్లను నవ్వనిచ్చి తన పని తాను చేసుకుంది. మహా మొండి మనిషి. ఎద్దు కోలుకుంది కానీ గోవిందు పేరు తగ్గలేదు. కూతురి వైద్యానికి ఓపిక కావాలి మరి.

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో నాగర్‌కర్నూల్ నుంచి రాఘవేందర్ తన తెల్ల గుర్రం చాందినిని బండిలో ఎక్కించుకుని వచ్చాడు. బరాత్‌లో పెళ్లికొడుకును మోస్తూ, బ్యాండు దెబ్బకు తగ్గట్టు ఆడే గుర్రం. ఆడుతూ జారి, వెనక కుడికాలు ఈడుస్తోంది. పశువుల దవాఖానలో డాక్టర్ పద్మజ చూసి, ఎముక బాగానే ఉందని, తొడ కండరం దెబ్బతిన్నదని చెప్పి, మందులిచ్చి విశ్రాంతి ఇవ్వమంది. ముహూర్తాలున్న రోజుల్లో విశ్రాంతి అనే మాట రాఘవేందర్‌కు రుచించలేదు.

"పెద్దాయినా, ఒక్క వాత పెట్టు. నడిస్తే నడుస్తది, లేకుంటే అమ్మేస్త" అన్నాడు గోవిందుతో.

జోగులమ్మ గుర్రానికీ తండ్రికీ మధ్యకు వచ్చి నిలబడింది. "దీన్ని నా కాడ ఇడిసిపెట్టి పో తమ్మీ. కాలిస్తే నడుస్తది నిజమే. గది నడక కాదు, మంటకు ఉరుకుడు."

రాఘవేందర్ సగం మనసుతోనే వదిలివెళ్లాడు. నిజానికి ఆమె అప్పటిదాకా గుర్రాన్ని ముట్టుకోనేలేదు. వెంటనే పద్మజకు ఫోన్ చేసింది.

"మందులు ఆపకు. వాపు తగ్గేదాకా చల్లనీళ్ల గుడ్డే. తర్వాత వేడి కాపడం, మర్దన. చెవులు వెనక్కి పెట్టిందంటే చెయ్యి తీసెయ్" అని డాక్టర్ చెప్పింది.

వాపు తగ్గి మర్దన మొదలుపెట్టిన రోజే జోగులమ్మ పొరబడింది. ఎద్దుకు నొప్పి పుడితే తోక విదిలిస్తుంది. ఆ అలవాటుతో తోకనే చూస్తూ పిసికింది, చెవులు మరిచింది. చాందిని ఒక్క తన్ను తన్నింది. మర్నాడు గుర్రమూ ఆమే ఇద్దరూ కుంటుతుంటే ఊరికి మళ్లీ నవ్వులే. ఆమె మాత్రం ఈసారి ముందువైపు నుంచి వచ్చి, మెడ నిమిరి, చెవులు చూస్తూ చెయ్యి వేసింది.

డాక్టర్ సరేనన్నాక రోజూ పొద్దున వాగు ఇసుకలో మెల్లగా నడిపించసాగింది. అయినా కుంటు పూర్తిగా పోలేదు. రాఘవేందర్ వచ్చి చూసి, ఇక ఆగేది లేదని గోవిందు చేత కడ్డీ కాల్పించాడు. జోగులమ్మ చాందిని మెడ చుట్టూ చెయ్యి వేసి కదల్లేదు.

"నాయినా, నీ మోకాలికి వచ్చింది గూడ వాతమే గదా. ఏనాడన్న వాత పెట్టుకున్నవా? నాతోని నూనె రాపిచ్చుకుంటివి గాని."

గోవిందు కడ్డీని తీసుకెళ్లి కుడితి తొట్టిలో ముంచాడు. తండ్రిని నలుగురిలో అంత మాట అన్నందుకు ఆమెకు బాధేసింది. కానీ గుర్రం మెడ మీద చెయ్యి మాత్రం తీయలేదు.

సీజన్ చివరికొచ్చేసరికి చాందిని కుంటకుండా నడిచింది. పద్మజ వచ్చి పరీక్షించి, మనిషిని మోయవచ్చంది. ఆట మాత్రం వద్దని, ఆడితే అదే కండరం మళ్లీ పోతుందని చెప్పింది.

తీసుకెళ్లడానికి వచ్చిన రాఘవేందర్ ఆ మాట చెవిన పెట్టలేదు. గుర్రం కాళ్లకు గజ్జెలు కట్టి, ఫోన్‌లో బ్యాండు పాట పెట్టాడు. చాందిని అలవాటుగా ముందుకాళ్లు లేపబోయింది. వెనక కుడితొడ వణికింది. జోగులమ్మ కళ్లెం పట్టి కిందికి దించింది.

"ఆడని గుర్రాన్ని ఎవరు పిలుస్తరక్కా?" అన్నాడు రాఘవేందర్.

"పెండ్లికొడుకును మోసుడే దాని పని. ఆడేటోళ్లు ముంగట మస్తుమంది ఉంటరు. గాళ్లను ఆడనీ" అంది జోగులమ్మ. "దీన్ని ఆడిస్తవంటే చెప్పు, నేను కళ్లెం ఇడువ."

రాఘవేందర్ ఆమె చేతి వంక, గుర్రం తొడ వంక చూశాడు. పాట ఆపేశాడు. తర్వాత చాందిని ముందు కూర్చుని గజ్జెలు విప్పసాగాడు.