బూడిద లేని అతుకు

నా పేరు సాకమ్మ. ఏండ్లు డెబ్బై దాటినాయి. ఉండేది ధర్మవరం. కొడుకు, కోడలు, మనవరాలు, రెండు మగ్గాలు, ఇదీ నా ఇల్లు. నాకు చదువు రాదు. నేను చెప్తాంటే మనవరాలు రాస్తాండాది. అన్న మాట అన్నట్టే రాయమని ఒట్టు పెట్టించుకున్నా.

మా తోడికోడలు పోయింది. పెనుకొండలో ఆమె ఇంటి నుంచి పొద్దున్నే ఫోను వచ్చింది. కాలేజీకి పోదామని చెప్పులు తొడుక్కుంటా కూలబడిందంట, మళ్లీ లేయలేదంట. నేను పోయేలోపల ఇల్లంతా ఆమె పిలకాయలే, హిందూపురం కాలేజీలో ఆమె దగ్గర చదివినోళ్లు. "మేడమ్, మేడమ్" అని ఏడుస్తాండారు. వరసకు పెద్దదాన్ని నేను. నన్ను కూర్చోమన్నోళ్లు లేరు.

ఆ పిలకాయలు ఆమె గురించి పుస్తకం వేస్తారంట, నాలుగు మంచి మాటలు చెప్పవ్వా అన్నారు. చెప్తా. ఆమె అంటే నాకు కడుపుమంట. మా మరిదిని చేసుకుని మా ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచీ ఉండాది. మా అత్త నాకు మజ్జిగ పోసి, ఆమెకు గడ్డపెరుగు దాచేది. "పాపం, చదువుకునే పిల్ల" అనేది. మా మగ్గంలో దిగిన చీరే ఆమె కడితే "మేడమ్ చీర" అయ్యేది, నేను కడితే ఎవురూ తిరిగి గూడా చూడరు.

నా పని అచ్చు అతకడం. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతానే, కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే పాత కొనకు కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలేయాల. పొద్దుగూకులూ వంగి చేసే పని. దానికి మేడమ్ అని ఎవురంటారు?

ఆదివారమొస్తే ఆమె రైలెక్కి మా ఇంటికొచ్చేది. ఒకసారి చిన్న సీసా తెచ్చింది. అడుగున బూడిద రంగు మడ్డి.

"ఏం మేడమ్మా, మాకు బూడిద కరువైందని పెనుకొండ నుంచి తెచ్చినావా?" అంటి.

"బూడిద కాదక్కా, కరిగిన లోహం."

"కరిగిందైతే కాలాల కదా. సల్లగా ఉండాదే?"

అప్పుడు నా పక్కన కూర్చుని చెప్పింది. లోహాన్ని కరిగించి, పుల్లటి నీళ్లలో గిరగిరా తిప్పితే కంటికి ఆననంత చిన్న చుక్కలవుతాదంట. ఒక్కో చుక్క మీద తుప్పు మాదిరి సన్న పెంకు కడతాదంట. "ఆ పెంకు ఉన్నన్నాళ్లూ సల్లారినా గడ్డకట్టదక్కా. నొక్కితే పెంకు పగిలి కారతాది, కారినచోటే గట్టిపడి పట్టుకుంటాది. నిప్పక్కర్లేదు. పైన పెంకు, లోపల నీళ్లు. నీ మాదిరే."

"నన్ను నొక్కి చూడు, ఏం కారతాదో చెప్తా" అంటి. పడీపడీ నవ్వింది.

ఆమె చేయాలనుకున్నది పసిబిడ్డ చేతికి కట్టే పట్టు పట్టీ. జ్వరమొస్తే అందులో చిన్న దీపం వెలగాల. జరీలో రాగి, వెండి ఉంటాయి కాబట్టి జరీ పోగే కరెంటు తీగ. ఆ పోగును జ్వరం కనిపెట్టే బిళ్లకు అతకాల. కాలే కడ్డీతో అతికితే పట్టు మాడిపోతాది. అందుకే ఈ పొడి, అందుకే నా వేళ్లు.

నేను అలవాటు కొద్దీ బూడిద అద్దుకుని నొక్కినా. ఊడింది. మళ్లీ నొక్కినా, మళ్లీ ఊడింది. "నీ లోహమే మంచిది కాదు" అంటి. ఆమె నా చెయ్యి చూసింది. చెంబుతో నీళ్లు తెచ్చి, సబ్బు పెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటే కడిగింది. "బూడిద మధ్యలో అడ్డం పడతాందక్కా. బూడిద లేకుండా అతుకు నిలుస్తాదంటే నీకు నమ్మకం లేదు." నా కడుపున పుట్టినోళ్లు గూడా నా చెయ్యి అట్ల కడగలేదు. అప్పుడూ మండింది నాకు. చెయ్యి కడిగేది గూడా ఆమెకే బాగా వచ్చు!

ఆ తర్వాత నేను వేసిన అతుకు ఊడలేదు. లాగి చూసి, "పట్టిందక్కా!" అని చిన్నపిల్ల మాదిరి ఎగిరేది.

ఇప్పుడు నా తగవు వినండి. పట్టీ నా దగ్గరే ఉండాది. కాలేజీలో అద్దాల పెట్టెలో పెడతామని పిలకాయలు వచ్చినారు. కింద పెట్టే అట్ట గూడా తెచ్చినారు. "మేడమ్ స్వహస్తాలతో చేసినది" అని ఉండాదంట.

"ఎవురి చేతులప్పా?" అంటి. "పొడి ఆమెది, బుద్ధి ఆమెది. అతుకులు నావి. అట్ల రాయండి."

"రాస్తాం లేవ్వా. ఈ ఒక్క అతుకు వంకరగా ఉండాది, ఊగుతాండాది. సీసాలో పొడి మిగిలుండాది కదా, ఇది గూడా నువ్వే సరిచేసి ఇయ్యి. అప్పుడు అన్నీ నీవే."

అది ఆమె వేసింది. "నేనూ చూస్తా" అని నా చేతిలోంచి గుంజుకుని నొక్కింది. లోహమంతా పక్కకు పారి, కందిగింజంత గడ్డ కట్టింది. "ఇంత చదివి ఇదా?" అని నేను నవ్వితే, నాకంటే ఎక్కువ ఆమే నవ్వింది.

ఆమెకు చేతగాని పని ఒకటి చూడాలని నా జన్మంతా కాసుకుని ఉంటి. దొరికింది. దాన్నెట్ల చెరుపుకుంటా? అన్నీ నావైపోతే ఆమె చెయ్యి యాడుంటాది?

అట్ట మీద ఇట్ల రాయాల: "పొడి చేసింది చెల్లెలు. అతికింది అక్క. వంకర అతుకు చెల్లెలిది." రాస్తే పట్టీ ఇస్తా. ఆ అతుకును సరిచేస్తామని ఎవురన్నా చెయ్యి పెడితే ఊరుకోను.

ఇది చెప్తాంటే పట్టీ నా ఒళ్లోనే ఉండాది. మగ్గం పక్క కిటికీలోంచి ఎండ పడతాండాది. నా అతుకులు యాడుండాయో నాకే కనపడవు, పోగులో కలిసిపోయినాయి. ఆమెదొక్కటే మెరుస్తాండాది.

మనవరాలు చదివి వినిపించింది. ఇది నా మాటే. ఈ వేలిముద్ర నాదే.

సాకమ్మ, ఎడమ బొటనవేలు.

చూసినోళ్లు: రాసిన మనవరాలు భార్గవి, ఎదురింటి రామాంజి.