నీళ్ళు దిగే గుంత

వాన పడుతుంటే నా పాత డైరీ బయటికి తీస్తాను. అట్ట ఉబ్బిపోయింది, అంచుల వెంట బొగ్గునీటి నల్లగీత. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ తడికాగితం వాసనే. ఆ వాసనతో రాజయ్య కాక గుర్తొస్తాడు.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో అన్నిటికన్నా పల్లంలో ఉన్నది మాది. ప్రతి ఏడూ తొలి పెద్దవాన మా ఇంట్లోకే వచ్చేది. పక్కింట్లో రాజయ్య కాక; పెద్దా చిన్నా అందరికీ ఆయన కాకే. గనిలో ఊరే నీళ్ళను పైకి తోడే పంపు దగ్గర పనిచేసి రిటైరై, కొడుకుతో ఉండేవాడు. నేను ఇంటర్ చదివేటప్పుడు, ఒక ఎండాకాలం, మా రెండిళ్ళ మధ్య ఖాళీ జాగాలో గుంత తవ్వడం మొదలుపెట్టాడు. మా కాలనీలో అలాంటి గుంతకు ఒకటే అర్థం: ముందు కంచె, తర్వాత రేకుల గది, ఆపైన ఆ జాగా వాళ్ళదే.

"రూమేస్తున్నవా కాకా? కిరాయికిస్తవా?" నాన్న నవ్వుతూనే అడిగాడు.

"నీళ్ళకిస్త. కిరాయి అడుగ," అన్నాడు కాక, తలెత్తకుండా.

ఆ జవాబుతో నాన్న అనుమానం పెరిగింది. నాదీ పెరిగింది. కిటికీ చాటునుంచి చూసి రోజూ రాసుకునేదాన్ని. ఇవాళ పగిలిన ఇటుకలు తెచ్చాడు. ఇవాళ కంకర, ఇసుక. పునాదికి కాకపోతే ఇవన్నీ ఎందుకు? అంచుల్లో వట్టివేళ్ళ గడ్డి, మెట్టతామర నాటితే, అది పైకి వేసిన వేషమనుకున్నాను.

కాక జాగా ఆక్రమిస్తున్నాడని, నాన్న చెబుతుంటే గని ఆఫీసుకు అర్జీ నేనే రాశాను. కింద పేరు లేదు, "కాలనీవాసులు" అని మాత్రమే. వారంలో మనుషులొచ్చి గుంత పూడ్చేశారు. కాక గడపలో కూర్చుని చూశాడు, ఎవరినీ ఒక్కమాట అనలేదు. దొరికిపోయాడు కాబట్టే నోరు మెదపలేదని ఆ రోజు డైరీలో రాశాను.

తొలి పెద్దవానకు పై ఇళ్ళ సిమెంటు వాకిళ్ళ నీళ్ళన్నీ మా ఇంట్లోకి వచ్చాయి. మంచం కింది పెట్టెలో నా పుస్తకాలు, ఈ డైరీ మునిగాయి. వాటిని బయటికి తెస్తుంటే కాక పార పట్టుకుని వచ్చాడు.

"సర్వీసంత నీళ్ళను పైకి తోడిన బిడ్డా. గీడ అంత సిమెంటే, నీళ్ళు దిగెటందుకు జాగ లేదు. గా గుంతల వడితే మెల్లగ భూమిలకు దిగుతుండె."

"ముందే చెప్పొద్దా కాకా?"

"చెప్తే నమ్ముతుండిరా? వాననే చెప్తదనుకున్న."

తడిసిన డైరీ గట్టుమీద పెట్టాను. "ఆ అర్జీ..."

"నాకెరికే. నా పింఛన్ కాయితాలు రాసేది నువ్వే గద. నీ అక్షరం గుర్తువట్టనా?"

మర్నాడు గుంత మళ్ళీ తవ్వడానికి నాన్న తనూ పార పట్టాడు. గుంతకు అనుమతి అడుగుతూ అర్జీ రాయమని కాక నాకు తెల్లకాగితం తెచ్చిచ్చాడు. రాసిస్తే, అడుగున చూసి తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

"గీసారి పేరు వెట్టు."

పెట్టాను. తర్వాతి పెద్దవానకు నీళ్ళు గుంతలో నిలిచి, బుడగలు తేల్చుకుంటూ మెల్లగా ఇంకిపోయాయి. మా గడప తడవలేదు.

అనుమానం నన్ను పూర్తిగా వదల్లేదు. ఇప్పటికీ ఎవరి గురించైనా చెడు రాయబోతే, ముందు కాగితం అడుగున నా పేరు రాసుకుంటాను. చాలాసార్లు ఆ పైన రాయడానికి ఏమీ మిగలదు.