జ్వరం లేని ఇంట్లో బ్రెడ్డు

ఎనభైల చివర్లో మా ఖానాపూర్‌లో బ్రెడ్డంటే జ్వరమొచ్చినవాళ్ల తిండి. దవాఖానాకు పలకరించడానికి పోతే చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు ఉండాలి. మంచంపట్టినవాళ్ల నోటికి పాలలో ముంచిన ముక్క అందించాలి. ఒళ్లు బాగున్నవాళ్లు బ్రెడ్డు తినడం ఎవరూ ఎరగరు. ఐదేళ్లు దుబాయిలో ఉండి వచ్చిన మా ఆయన ఈ సంగతే మరిచిపోయాడు. నిర్మల్ పోయి బ్రెడ్డు ప్యాకెట్లు కొని, ఒళ్లో పెట్టుకుని, మా ఊరివాళ్లంతా ఉన్న బస్సులో దర్జాగా కూర్చుని వచ్చాడు.

ఆయన లెక్క వేరు. సెలవు అయిపోవచ్చింది, ఎల్లుండి దుబాయి విమానం కోసం బొంబాయి బస్సెక్కాలి. ఎక్కనని, కరీంనగర్ బస్టాండు దగ్గర చిన్న హోటలు పెట్టుకుంటానని నాతో అన్నాడు. దానికి మామ ఒప్పుకోవాలి. మామను అడగాలంటే ముందు ఒక అబద్ధం విప్పాలి. దుబాయిలో ఆఫీసు పని అని ఇంట్లో చెప్పిన మనిషి అక్కడ చేసేది హోటల్లో వంట. నాకు తప్ప ఎవరికీ తెలియదు. భూములున్న కుటుంబం మాది. కొడుకు ఎవరి పొయ్యి దగ్గరో వండిపెడుతున్నాడంటే మామకు తల కొట్టేసినట్టవుతుంది. చెబితే మామ కోపం, చెప్పకుంటే బొంబాయి బస్సు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నోటితోని చెప్పుడు నాతోని కాదు. చేసి పెడ్త. బాపు తిన్నంక చెప్త," అన్నాడు.

"ఐదేండ్ల సంది చెప్పనోనివి, గిప్పుడు బ్రెడ్డు చెప్తదా?" అన్నాను. భయం వేస్తే నా నోరు ఊరుకోదు.

కిరోసిన్ స్టవ్ మీద జొన్నరొట్టెల పెనం పెట్టి మంట తగ్గించాడు. బ్రెడ్డు ముక్కలకు వెన్న రాశాడు. దుబాయి నుంచి తెచ్చిన డబ్బాలోని చీజ్‌ను పలుచగా కోసి పరిచాడు. దాని మీద గింజ తీసి మెదిపిన ఖర్జూరం, చిటికెడు యాలకుల పొడి. పైన ఇంకో ముక్క మూసి పెనం మీద వేశాడు. పక్కన కాఫీకి నీళ్లు మరుగుతుంటే, నన్ను చక్కెర వేయొద్దన్నాడు. తీపి బ్రెడ్డులో ఉంది కాబట్టి కాఫీ చేదుగా ఉంటేనే జోడీ కుదురుతుందట. చాయ్ తప్ప తెలియని మామకు ఆ చేదు గొంతు దిగుతుందా అని నాకు ఇంకో దిగులు పట్టుకుంది.

అంతలో పక్కింటి ముసలాయన వచ్చి వాకిట్లో మామ పక్కన కూర్చున్నాడు.

"బస్సుల మీ వోని ఒళ్లె బ్రెడ్డు చూసిండ్రట. ఎవలకు బాగలేదు?"

అత్త ముఖం పాలిపోయింది. "పయనం ముందల రోగమోళ్ల తిండి ఇంట్లకు తెచ్చిండు," అని పొద్దున్నుంచీ ఆమె గొణుగుతూనే ఉంది. మామ ముసలాయనకు జవాబు చెప్పకుండా లేచి వంటింట్లోకి వచ్చాడు.

"ఊరంత అడుగుతున్నరు. గీ బ్రెడ్డేందిరా?"

సరిగ్గా అప్పుడే మా ఆయన పెనం మీది బ్రెడ్డును ఉత్త వేళ్లతో తిప్పాడు. వేడి తగిలినట్టే లేదు. మామ ఆ వేళ్ల వంక చూస్తూ గడపలోనే నిలబడిపోయాడు.

నేను పళ్లెం, కాఫీ అందించాను. మామ నిలబడే కొరికాడు. కాఫీ ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. మళ్లీ కొరికి, మళ్లీ తాగాడు. ఈసారి చిట్లించలేదు.

"గిది ఆఫీసుల నేర్పిండ్రా?"

మా ఆయన వేళ్లకంటిన వెన్నను తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"ఆఫీసు కాదు బాపు. హోటల్ల, పొయ్యి కాడ పని. మళ్ల పోబుద్ధి అయితలేదు. కరీంనగర్ల చిన్న హోటల్ పెట్టుకుంట."

మామ సగం తిన్న ముక్కను పళ్లెంలో పెట్టి, వాకిట్లోకి వెళ్లిపోయాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సంచి సర్దు," అన్నాడు మా ఆయన నాతో. స్టవ్ ఆపబోయాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తిన్న నోటితో ఒక్క మాట అంటే మామ సొమ్మేం పోయింది?

బయట ముసలాయన ఇంకా కదల్లేదు. "ఎవలకో చెప్పవైతివి. కోడలికా?"

నేను తలుపు చాటుకు వెళ్లి విన్నాను.

"ఎవలకేం కాలే," అన్నాడు మామ. "మావోడు దుబాయిల వంట జేస్తడు. ఇయ్యాల నాకు చేసి పెట్టిండు."

మామ వంటింటి వైపు తిరిగాడు.

"ఇంకోటి కాల్చురా, గీయనకు గూడ పెట్టు. కాఫీల జర చక్కెర ఎయ్యి. కరీంనగరోళ్లు గంత చేదు తాగరు."