ఉప్పల్‌కు ఆరు టికెట్లు

రామగుండం స్టేషన్‌లో సికింద్రాబాద్ రైలు ఎక్కేసరికి పొద్దున ఆరూ యాభై. కరెంటు ప్లాంటు పొగగొట్టాలు సగం దాకా మంచులో మునిగిపోయాయి. పై సగాలు మాత్రం దేనికీ ఆనకుండా ఆకాశంలో తేలుతున్నాయి. ఆట చూడటానికి పోయేవాళ్లు ఇలాంటి పొద్దటి రైలే పట్టుకోవాలి. మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలయ్యే వన్డేకు తీరిగ్గా చేరుకోవచ్చు.

ఆస్ట్రేలియా జట్టు వన్డేలు ఆడటానికి మన దేశానికి వచ్చింది. అందులో ఒక ఆట ఉప్పల్‌లో. మేం ఆరుగురం బయలుదేరినా అసలు ప్రయాణం ఓదెలు కాకది. కాక మా గనిలో షాట్ ఫైరర్, అంటే బొగ్గులో మందు కూరి పేల్చే మనిషి. రిటైరై చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లూ ఆట టీవీలోనే చూశాడు. “టీవీల బంతెంట కెమెరా ఉరుకుతది బిడ్డా. నాకు మొత్తం గ్రౌండు ఒక్కపారి కండ్లబడాలె. ఈ మోకాళ్లతోని మెట్లెక్కుడు ఇగ ఇదే ఆఖరు,” అని నా దగ్గర అన్నాడు. బోడుప్పల్‌లో ఉండే నా మేనకోడలు స్వప్నకు ఫోన్ చేశాను. ఆరు టికెట్లు సంపాదించింది.

పెద్దపల్లి దాటాక తినడానికి సర్వపిండి మూట విప్పాం. పెద్దయ్యాక చదవడం నేర్చుకున్నదాన్ని కాబట్టి బోర్డుల కోసం రైలు ఎక్కడ ఆగినా నా కళ్లు కిటికీ బయటే. ఓదెల అని చదవగానే మల్లేశ్ కాక భుజం తట్టాడు. మల్లేశ్ నాతోపాటు డ్యూటీ చేసేవాడు.

“కాకా, నీ ఊరచ్చింది, దిగు.”

“నువ్వే దిగురా. నీ ఒక్కని బరువు తగ్గితే రైలు జల్ది పోతది,” అన్నాడు కాక.

కాజీపేట దాకా కూర్చోవడానికి చోటుంటుంది. ఆ తర్వాత నిలబడేవాళ్ల మోకాళ్లు మన ఒడిలోకి వస్తాయి. పదకొండున్నరకు సికింద్రాబాద్‌లో దిగి మెట్రో ఎక్కాం. పట్నం మీదుగా, ఇళ్ల డాబాల మీదుగా పోతుంటే ఆరేసిన చీరలు, నీళ్ల ట్యాంకులు కింద ఈదుతున్నట్టు కనిపించాయి. గనిలో ఎంత లోతుకు దిగానో ఇప్పుడు అంత ఎత్తున పోతున్నానని కాక ముసిముసిగా నవ్వుకున్నాడు.

స్టేడియం స్టేషన్ మెట్ల కింద స్వప్న టికెట్లు ఇచ్చింది. ఆరింటినీ నా సంచిలో వేసుకున్నాను.

“ఎవరిది వాళ్లకియ్యి అత్తా.”

“పోగొడ్తరే. నా దగ్గరుంటే పోవు.”

నా పని అలాంటిది. మా ఆయన గని ప్రమాదంలో పోయాక నాకు ల్యాంపు రూములో ఉద్యోగమిచ్చారు. కిందికి దిగే మనిషి తన నంబరు బిళ్ల నాకిచ్చి తలదీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల నా దగ్గరుందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ఆ చేతికి టికెట్లు కూడా బిళ్లల్లాగే తోచాయి.

గేటు దగ్గర జనం తోపులాడుతున్నారు. ముందర చెకింగ్ ఉందని ఎవరో అన్నారు. నేను టికెట్లు చూపిస్తుంటే ఒక్కొక్కరినే లోపలికి వదిలారు. ఆడవాళ్ల వరుస వేరు. ఆ వరుస దాటి మావాళ్లను కలిసేసరికి నలుగురే ఉన్నారు. నా చేతిలో ఒక టికెట్ మిగిలి ఉంది.

“కాక ఏడి?”

మల్లేశ్ వెనక్కి గేటు వైపు చూశాడు. “చెకింగ్ అనంగనే బీడీలు, అగ్గిపెట్టె ఎక్కడన్న పెట్టొస్త అని వరుసలకెళ్లి పక్కకు పోయిండక్కా. జల్ది వస్తడనుకున్న.”

గని నోటి దగ్గర ఒంటి మీద బీడీ దొరికితే ఉద్యోగం మీదికి వస్తుంది. ఇక్కడ పెద్దాయన బీడీలు తీసి పక్కన పడేసేవాళ్లు, అంతే. కాకకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? తోపులాటలో పోతుందని సెల్లు కూడా గోదావరిఖనిలో ఇంట్లోనే వదిలి వచ్చాడు. టికెట్ ఆయన దగ్గరే ఉంటే తానే లోపలికి వచ్చేవాడు. దాన్ని నేను పట్టుకుని కూర్చున్నాను.

గేటు పోలీసును అడిగాను. “బయటికి పోతే మళ్లీ లోపలికి రానియ్యమమ్మా. టికెట్ ఒక్కసారికే,” అన్నాడు.

“నేను పోతక్కా,” అన్నాడు మల్లేశ్.

“బిళ్ల నా దగ్గరున్నది. నేనే పోవాలె.”

మెట్ల సందులోంచి ఒక ముక్క పచ్చదనం కనిపించింది, చీర కొంగంత. అది చూసి వెనక్కి తిరిగాను.

కాక కోసం ఆ గోడ చుట్టూ దాదాపు గంట తిరిగాను. చెరుకురసం బండ్లను, జెండాలమ్మేవాళ్లను అడిగాను. చివరికి ఒక మలుపులో, నీడ పట్టున, ప్రహరీ గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. గనిలో పైకప్పు గట్టిదా కాదా అని చూసేవాళ్లు అలాగే నిలబడతారట.

“మన వికెట్ పోయింది,” అన్నాడు నన్ను చూసి.

“నీకెట్ల ఎరుక?”

“సప్పుడు కూలింది.”

టికెట్ చేతిలో పెడితే తీసుకోలేదు. “నువ్వు పో బిడ్డా. నాకిక్కడ మంచిగనే ఇనబడుతున్నది.”

“నా టికెట్ చెల్లిపోయింది కాకా. ఇది నీదే.”

“అయితే ఇద్దరం ఈడనే ఉందాం. నిన్ను బయట నిలబెట్టి నేనేం చూస్త?”

“నువ్వు దిగు. నేను పైన ఉంట. ఎప్పుడూ గంతే కద.”

కాక గోడ మీంచి అరచెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత టికెట్ తీసుకున్నాడు. ఏ గేటో, ఏ మెట్లో రెండుసార్లు చెప్పాను. ఒక్కో మోకాలికీ నచ్చజెపుతున్నట్టు నడిచి లోపలికి పోయాడు.

జెండాలమ్మే ఒకామె పక్కన కూర్చున్నాను. ఆలస్యంగా వచ్చే పిల్లల చెంపలకు జెండా రంగులేస్తూ, “లోపల మీవాళ్లున్నరా?” అని అడిగింది. ఐదుగురు ఉన్నారన్నాను. “అయితే ఫికర్ లేదు తియ్యి,” అని తన నీళ్ల సీసా ఇచ్చింది. గోడ అవతల జనం కెరటంలా లేచి పడుతుంటే, ఇవతల నా కళ్లు మూతలు పడుతూ తెరుచుకుంటూ మధ్యాహ్నం గడిచిపోయింది. లైట్లు వెలిగాక ఆకాశం పాలు పోసినట్టయింది.

మనవాళ్లు ఓడిపోయారు. ఆ రాత్రి స్వప్న ఇంట్లో పడుకుని, మర్నాడు పొద్దున తొమ్మిది దాటాక తిరుగు రైలు పట్టుకున్నాం. మల్లేశ్ భువనగిరి దాకా బౌలర్లను తిడుతూనే ఉన్నాడు. కాక మాత్రం కిటికీ పక్కన కూర్చుని తనలో తాను మెరుస్తున్నాడు.

“గంత దూరంల ముందు కొట్టుడు కనబడుతది బిడ్డా, సప్పుడు తర్వాత వస్తది. టీవీల రెండూ ఒక్కసారే వస్తయి. గనిలనైతే సప్పుడే ముందు, కండ్లు తెరిస్తే అంత దుమ్ము.” కిటికీ చువ్వ మీద చెయ్యేసి, “ఆస్ట్రేలియా పిలగాడు ఒకడు బౌండరీ అంచుకాడ ఒక్కడే నిలబడ్డడు. బంతి గంటకోసారి వస్తది. అయినా వాడు ప్రతి బంతికి ముందుకు వంగుతుండె,” అన్నాడు.

ఎదురు సీటులో పెద్దపల్లి పోయే టీచరమ్మ నన్ను అడిగింది, “మీరు కూడ చూసిన్రా?”

నేను బయటే ఉన్నానని చెప్పాను. కాక ముఖం చిన్నబోయింది. “బయట నీకేం కనబడ్డదే?” అని మెల్లగా అడిగాడు.

“స్టేడియం కప్పు మీద పావురాలు. అరుపు వచ్చినప్పుడల్లా లేచి, ఒక చుట్టు తిరిగి వాలుతుండె. పొద్దు గూకేముందు ఒక్కసారి మాత్రం వాలనే లేదు. రెండు, మూడు చుట్లు తిరిగినయ్.”

కాక ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు. “పొద్దు గూకేముందా? ఎర్రగున్నదా ఆకాశం?”

“ఎర్రగనే ఉన్నది.”

“గవి మూడు సిక్సులే! ఎంబడెంబడి! మూడోది నా నెత్తిమీదికెళ్లే పోయింది. మరి దానికి ముందు, చానాసేపు ఎగరలే కద?”

“ఎగరలే. ముక్కులు రెక్కల్ల పెట్టుకొని కూసున్నయ్.”

“ఎగరయి మరి. స్పిన్నరు కట్టేసిండు.”

రైలు జమ్మికుంట దాటింది. నేను పావురాలను లేపుతూ పోయాను, కాక ఒక్కో ఎగురుడు కింద ఒక్కో బంతి పెడుతూ వచ్చాడు. టీచరమ్మ పెద్దపల్లిలో దిగాల్సింది గుర్తొచ్చి లేచే వేళకు మాకింకా పది ఓవర్ల ఆట మిగిలి ఉంది.