తువాలు చాటు బేరం

భానుమూర్తికి పిచ్చి. నేనొక్కణ్ణే కాదు, నర్సీపట్నం బస్టాండు దగ్గర ఎవర్నడిగినా ఆ మాటే చెప్పేవారు. మందుల షాపు పెట్టుకున్నవాడు మందులమ్ముకోక, వచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని "డాక్టరుగారు ఎంతవుతుందన్నారు? అడిగారా? ఎందుకడగలేదు?" అని ప్రాణం తీసేవాడు. ఎనభైల మొదట్లో సంగతిది. నేను హైస్కూల్లో సోషల్ మాస్టారిని. బడి వదలగానే అతని షాపు బల్ల మీద కూర్చుని పోట్లాడితే గాని నాకు పొద్దుపోయేది కాదు.

"వైద్యం సర్కారు చూసుకోవాలయ్యా, వ్యాపారం కాకూడదు" అనేవాణ్ణి.

"డబ్బుల్లేనివాడికి సర్కారు ఉండాల్సిందే మాస్టారూ, కాదన్లేదు. కానీ డబ్బు పుచ్చుకునే డాక్టరు ధర ముందు చెప్పాలా వద్దా? బెల్లానికి ధరుంది, జీడిపిక్కలకి ధరుంది. తెలిస్తే జనం నలుగురి దగ్గరా చూసుకుంటారు. అప్పుడదే దిగొస్తుంది."

"మనిషి ప్రాణం బెల్లం దిమ్మా?"

"కాదు గనకే ఇంకా గట్టిగా అడగాలి."

ఇలాంటి మొండివాడితో ఏం వాదిస్తాం!

ఓ సంతరోజు, బడికి సెలవు కావడంతో పొద్దున్నే నేనూ షాపులోనే ఉన్నాను. కోటవురట్ల వైపు పల్లె నుంచి సోములనే రైతు వచ్చాడు. భార్య రామాయమ్మ పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడింది. కడుపులో గడ్డట. విశాఖపట్నం పెద్దాసుపత్రంటే వాళ్లకి భయం. మా ఊళ్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో, పేరెందుకులెండి, డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నాడు. ఎంతవుతుందో మాత్రం కోశాకే తెలుస్తుందన్నాడట.

"అందుకే ఎడ్లు సంతకి తోలుకొచ్చీసినాను బాబూ. ముందు దీనికి నొప్పిబిళ్లలియ్యి" అన్నాడు సోములు.

వరి ఉడుపుల ముందర ఎడ్లు పోతే ఆ యేడు పొలం బీడే.

"ఎడ్లమ్మడం తర్వాత సంగతి. బేగి వెళ్లి ముందు ధర అడుగు. ఎడ్లు కొన్ననాడు అడగలేదూ? అలాగే అడుగు, సిగ్గేటి?" అన్నాడు భానుమూర్తి.

సోములు బుద్ధిమంతుడు. చెప్పింది చెప్పినట్టే చేశాడు. మా సంతలో ఎడ్ల బేరం నోటితో ఆడరు. చేతుల మీద తువాలు కప్పి, దాని చాటున వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. సోములు తిన్నగా నర్సింగ్ హోమ్‌కి వెళ్లి, గది నిండా రోగులుండగా, డాక్టరుగారి చేతి మీద తువాలు కప్పి వేళ్లు నొక్కాడు.

"ఇదేమన్నా పశువుల సంతనుకున్నావట్రా!" అని డాక్టరు కేకలేశాడు. చీటీ చింపి మొహాన కొట్టి, మళ్లీ తన గుమ్మం తొక్కొద్దని గెంటించేశాడు.

ఏడుపు మొహంతో తిరిగొచ్చిన సోముల్ని చూసి నాకు ఒళ్లు మండిపోయింది. "నీ సిద్ధాంతం తగలెయ్య! ఆవిడకేమన్నా అయితే నువ్వు ప్రాణం పోస్తావా?" అని భానుమూర్తిని అందరి ముందూ దులిపేశాను. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే షాపు మూసేసి, ముందు కట్టేసి ఉన్న ఎడ్లను చూసుకోమని నాకప్పగించి, మొగుడూపెళ్లాల్ని అనకాపల్లి బస్సెక్కించి తనూ ఎక్కాడు. సోషల్ మాస్టారు బస్టాండులో ఎడ్లు కాయడం ఊరంతా చూసింది.

రోడ్డంతా గోతులు. ప్రతి కుదుపుకీ రామాయమ్మ కేక పెట్టిందట. అనకాపల్లిలో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన కుర్ర సర్జను ఆమెను చూసి ఆపరేషను, మంచం, మందులు అన్నీ కలిపి ఇంతవుతుందని అక్కడికక్కడే చెప్పేశాడు. ఎడ్ల జోలికి పోకుండా, ఇంట్లో ఉన్న, బెల్లం అమ్మిన డబ్బుతో తెమిలిపోయేంతే. తీరా ఆ మాట విన్నాక సోములు జడుసుకున్నాడు.

"అడక్కుండానే సెప్పీసినాడు. ఏదో మోసముంది బాబూ, ఎల్లిపోదాం" అని భానుమూర్తి చెయ్యి లాగాడట.

"నువ్వెల్లు. కడుపు నాది. సెప్పినోడి సేతే కోయించుకుంతాను" అంది రామాయమ్మ.

గడ్డ తీశారు. ఆవిడ బతికింది. థియేటరు తలుపు తెరుచుకునేదాకా భానుమూర్తి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఏమన్నా అయితే షాపు అమ్మేసి ఊరొదిలేద్దామనుకున్నానని తర్వాత నాతో అన్నాడు. ఆ మాటతో నా కోపమంతా పోయింది. అయ్యో పాపం అనిపించింది.

ఇదంతా భానుమూర్తి పనేనని తెలిశాక ఇక్కడ డాక్టరు ఊరుకుంటాడా? తన బావమరిది మందుల షాపులో తప్ప ఇంకెక్కడా అర్థంకాని గీతల్లో చీటీలు రాయడం మొదలెట్టాడు. భానుమూర్తి ఈగలు తోలుకున్నాడు. అయినా నోరు మూశాడా? అడిగినవాడికీ అడగనివాడికీ అనకాపల్లి ధర చెప్పాడు. బస్సులు నిండాయి, నర్సింగ్ హోమ్‌లో మంచాలు ఖాళీ అయ్యాయి. ఏడాది తిరక్కుండా డాక్టరుగారి గోడ మీద బోర్డు వెలిసింది: "ఆపరేషన్ ఖర్చులు ముందుగా చెప్పబడును."

భానుమూర్తి చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. సంతకొచ్చిన సోముల్నీ రామాయమ్మనీ బలవంతాన లాక్కెళ్లి బోర్డు ముందు నిలబెట్టాడు. నేనే చదివి వినిపించాను.

రామాయమ్మ బోర్డు వైపు వేలు చూపించింది.

"ఈ ముక్కేదో ఆ దినం నోటితో సెప్పీసుంటే సరిపోయీది కదా బాబూ" అంది. "నాను ఆ బస్సులో అంత సావు సావకపోదును."