నయం కాకముందే చెప్పిన స్తోత్రం

ఇప్పుడు నేను అన్నం వేడిగానే తింటున్నాను. మా ఆయన ఉన్నప్పుడు అది కుదిరేది కాదు. కంచం ముందు కళ్లు మూసుకున్నారంటే ఉప్పు కోసం, నీళ్ల కోసం, పొయ్యి కోసం, పొయ్యి వెలిగించిన నా కోసం కూడా విడివిడిగా దేవుడికి స్తోత్రం చెప్పేవారు.

"ముందు తినండి, దేవుడెక్కడికీ పోడు" అనేదాన్ని.

"ఆయన పోడే, నేనే మరిచిపోతాను" అని నవ్వేవారు.

ఆయనది రొట్టెల బట్టీలో పని. వీధిలో అందరికీ రొట్టెలాయనే. పిండి దుమ్మూ బట్టీ పొగా కలిసి ఊపిరితిత్తుల్ని తినేశాయి. ఆసుపత్రిలో మాత్రలిచ్చి, మానొద్దన్నారు. వాటితో దగ్గు తగ్గింది, ముఖం కాస్త తేటపడింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. అడిగింది చేతికి అందకముందే, అందినట్టు లేచి సాక్ష్యం చెప్పాలి. విశ్వాసమంటే అదేనంటారు. ఒక ఆదివారం ఆయన లేచి, "ప్రభువు నన్ను స్వస్థపరిచాడు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి మాత్రలన్నీ మురిక్కాలవలో కుమ్మరించారు.

"పిచ్చిగానీ పట్టిందా మీకు?"

"మాత్ర మింగితే నా సాక్ష్యం అబద్ధమైపోదూ?"

కాళ్లు పట్టుకున్నా వినలేదు. పొయ్యికి స్తోత్రం చెప్పే మనిషికి మాత్రకూ చెప్పవచ్చని తోచలేదు. తోచేలా చెప్పినవాళ్లూ లేరు. దగ్గొస్తే పక్కింటి సంఘస్తులకు వినబడకుండా దిండులో ముఖం అదిమిపెట్టుకునేవారు. దిండు గలీబు ఎంత ఉతికినా రక్తం మరక పోయేది కాదు. బయట ఆరేస్తే కనబడుతుందని ఇంట్లోనే ఆరేయించారు. చివర్లో గుక్కెడు నీళ్లు గొంతు దిగకపోయినా, వాటికీ స్తోత్రం చెప్పే పోయారు.

సమాధి మీద మట్టి ఆరకముందే పాస్టరుగారూ, మా ఆయన సొంత అక్క అయిన మా వదినా వచ్చారు. టీ ఇచ్చాను.

"చూడమ్మాయ్," అంది వదిన. "వాడు అందరి ముందూ నయమైందన్నాడు, తీరా చూస్తే పోయాడు. జనం ఊరుకుంటారా? ఆదివారం నువ్వు లేచి, వాడు చాటుగా మాత్రలు మింగేవాడని చెప్పు."

"మింగలేదు వదినా. మింగుంటే బతికేవారు."

"మనసులోనైనా సందేహపడి ఉంటాడులే," అన్నారు పాస్టరుగారు టీ ఊదుకుంటూ. "లేకపోతే దేవుడే మాట తప్పాడంటావా? సంఘం పరువు చూడొద్దా అమ్మా?"

"పోయినవాడికి పరువెందుకే?" అంది వదిన. "చెప్పకపోతే నీ గుమ్మం ఎవరూ తొక్కరు. రేపు నీ శవం మొయ్యడానికి కూలీల్ని పిలుచుకోవాలి."

నాకు ఏడుపు రాలేదు. "మీ తమ్ముణ్ణి ఒకసారి పాతిపెట్టాం కదా వదినా. మళ్లీ నా చేత తవ్వించకండి. నేను చెప్పను."

"వాడున్నన్నాళ్లూ నోట్లో నాలుక లేదు, ఇప్పుడు చూడండి!" అంటూ లేచింది. పాస్టరుగారు ప్రార్థన చేయకుండానే చెప్పులు వేసుకున్నారు.

తలుపేసి కూర్చున్నాను. కృప ఊరికే దొరుకుతుందని వాక్యంలో విన్నాను. అది నిజమైతే, నా భర్త దాన్ని ప్రాణం పెట్టి ఎందుకు కొనవలసి వచ్చిందో ప్రభువునే అడిగాను. ఇంకా అడుగుతున్నాను. ఆయన ఉన్నాడని నమ్మకం లేకపోతే ఎవర్నని అడుగుతాను?

ఇంటికొచ్చినవాళ్లు సందు మలుపు తిరిగేలోపు కప్పులు కడిగి బోర్లించడం నాకు పెళ్లినాటి నుంచీ అలవాటు. వాళ్లు తాగిన కప్పులు బల్ల మీదే ఉన్నాయి. అడుగున టీ ఎండి నల్లబడింది, చీమలు ఎక్కాయి. కుళాయిలో నీళ్లొస్తున్నాయి. నేను లేవలేదు.