జాతరలో మా పాట అడిగిన చీటీలు

ఈమధ్య ఒక పత్రిక జిల్లా అనుబంధంలో మా పాత బ్యాండు గురించి అరపేజీ వచ్చింది. జనమే అడిగి మా సొంత పాటలు పాడించుకునేవాళ్లని రాశారు. ఆ మాట చెప్పింది మా గాయకుడు. అతను అబద్ధం చెప్పలేదు, అతనికి తెలిసింది అంతే. అసలు సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. కాబట్టి నేనే రాసిపెట్టాలి.

మేం నలుగురం. గాయకుడిది పలమనేరు దగ్గర పల్లె. చిన్నప్పుడు తెల్లారేసరికి సైకిలుకు పాలక్యాన్లు తగిలించుకుని కేంద్రానికి పోయేవాడు. అక్కడ పాలు కొలిచే ఆయన పాట పాడితే గానీ వరసలో ముందుకు రానిచ్చేవాడు కాదట. ఆ చలిలో, పొగమంచులో తయారైన గొంతు అది. కీబోర్డు వాయించేవాడి నాయన చిత్తూరు చుట్టుపక్కల వీధినాటకాలకు హార్మోనియం వాయించేవాడు. పద్యాల పెట్టె మీద సినిమా పాట వాయించాడని ఒకరోజు కొడుకు వేళ్ల మీద పెట్టె మూత వేసేశాడు. ఒక గోరు మళ్లీ సరిగా మొలవలేదు. డ్రమ్ములవాడు సత్యవేడులో నాదస్వరం పక్కన తవిల్ డోలు వాయించే ఇంట పుట్టాడు. తవిల్ వదిలేసిన రోజు నుంచి వాళ్ల తాత వాడితో మాట్లాడడం మానేశాడు. వాడు ఎదురుగా కూర్చుని ఉన్నా, "వాణ్ని అన్నం తినమని చెప్పు" అని కోడలితో అనేవాడు.

నాకు వాద్యమేదీ రాదు. తిరుపతిలో దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే అంగట్లో పని. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఛందస్సు, విజ్ఞాన సర్వస్వం సంపుటాలు, రష్యా నవలలు, అన్నీ శాఖా గ్రంథాలయంలో బల్ల దగ్గర కూర్చుని చదివినవే. గురువంటూ ఎవరూ లేరు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను. బ్యాండుకు పాటలు రాసేదీ, మైకు పట్టుకుని మాట్లాడేదీ నేనే.

జాతరల్లో ఒక పద్ధతి ఉండేది. కావలసిన పాటను చీటీ మీద రాసి వేదిక దగ్గరికి పంపుతారు. ఏ వీధివాళ్లు అడిగారో చెప్పి మైకులో చదవాలి. అందరూ సినిమా పాటలే అడిగేవాళ్లు. మధ్యలో మా సొంత పాట ఒకటి దూర్చామంటే జనం బొరుగులు కొనుక్కోవడానికి లేచేవాళ్లు.

తొంభైలు ముగిసే రోజుల్లో గాయకుడికి టీచరు ట్రయినింగులో సీటు వచ్చింది. వాళ్ల నాయన పల్లెంతా బెల్లం పంచాడు.

"ఏమప్పా, చేరతాండావా?" అని అడిగాను.

"నాయన ట్రంకుపెట్టె గూడా కొనినాడు. ఒక మాట సెప్తా ఇను. ఆదివారం జాతరలో మన పాట ఎవురన్నా అడిగితే ఈడనే ఉంటా. ఒక్కరూ అడక్కుంటే పెట్టె ఎత్తుకుంటా."

"అడగతార్లే."

"నువ్వు సెప్తే సాలదబ్బా. జనం సెప్పాల."

అతను పోతే బ్యాండు లేదు. బ్యాండు లేకపోతే నేను ఫ్రేములకు మేకులు కొట్టుకునే మనిషినే. నా మాటల్ని మోసే గొంతు ఇంకొకటి దొరకదు. శనివారం గ్రంథాలయంలో కూర్చుని పదకొండు చీటీలు రాశాను. రెండు ఎడమచేత్తో, ఒకటి అరవంలో, ఒకటి పూలమ్మే అక్క రాసినట్టు. నమ్మేలా ఉండాలంటే కొన్నింట్లో తప్పులు పెట్టాలి. నాకు అన్నిటికన్నా కష్టమైన పని అదే. ఒక దీర్ఘం తీసేసి, మనసొప్పక మళ్లీ పెట్టి, మళ్లీ తీసేశాను.

ఆదివారం పొద్దు వాలకముందే కచేరీ మొదలైంది. "కుమ్మర వీధివాళ్లు మా బ్యాండు సొంత పాట అడుగుతా ఉన్నారు" అని మొదటి చీటీ చదవగానే చప్పట్లు, ఈలలు. తమ వీధి పేరు మైకులో వినబడినందుకు కొట్టిన చప్పట్లవి. పాట ఎత్తుకున్నాక ఎప్పటిలాగే లేచి బొరుగుల దగ్గరికి పోయారు. గాయకుడు కళ్లు మూసుకుని పాడుతున్నాడు. చప్పట్లు విన్నాడు గానీ లేచిపోయినవాళ్లను చూడలేదు.

వేదిక దిగగానే నా చెయ్యి పట్టుకున్నాడు. "నిజంగా అడిగినారా అబ్బా?"

"అడక్కుంటే నేను పుట్టిస్తానా?"

"పూలమ్మే అక్క గూడా!" అని నవ్వాడు. "ఇంగ ఆ పెట్టెలో పంచెలు పెట్టుకోమంటా నాయన్ని."

సీటు పోయింది. మా క్యాసెట్టు వచ్చింది, అంగళ్లవాళ్లు కట్ట విప్పకుండానే తిరిగిచ్చారు. కొన్నేళ్లకు జాతరల్లోకి డీజే పెట్టెలు దిగాయి. కీబోర్డువాడు బెంగుళూరు పోయాడు, డ్రమ్ములవాడు అత్తగారి హోటల్లో కూర్చున్నాడు. గాయకుడు ఆటోకు మైకు కట్టించుకున్నాడు. చీరల తగ్గింపు ధరలైనా, కుళాయి నీళ్లు రావన్న కబురైనా ఊరికి చెప్పేది ఆ గొంతే. అతనితోపాటు సీటు వచ్చినవాళ్లు హెడ్మాస్టర్లయ్యారు.

ఇక్కడిదాకా రాసింది ముందు అతనికే ఇచ్చాను. ఆటోలోనే కూర్చుని, వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు.

"పదకొండూ నువ్వేనా?"

"నేనే."

"ఒకటన్నా జనానిది లేదా?"

"మన పాటకు లేదప్పా."

మైకు వైరు చేతికి చుట్టుకుని, మళ్లీ విప్పాడు. "నా బిడ్డకు ఇన్నేండ్లూ అదొకటే సెప్పుకుంటి. సీటు పోతే పోయింది, జనం నన్ను కావాలని అడిగినారు అని. ఇప్పుడు దాన్ని గూడా పెరుక్కుంటివి."

కాగితాలు మడిచి నా చేతిలో పెట్టాడు.

"అచ్చేసుకో పో. నీకు రాయకుంటే నిద్ర పట్టదు. నా పేరు మాత్రం ఎయ్యొద్దు. సివర్లో వందనాలు గిందనాలు అని ఎత్తుకుంటావు సూడు, దాంట్లో గూడా ఒద్దు."

ఒకరి పేరు దాచి మిగతావాళ్లవి రాస్తే, దాచిన పేరే ముందు కనబడుతుంది. అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. మరిచిపోయిన వివరాలు ఫోనులో చెప్పిన కీబోర్డు మిత్రుడికి, తాత సంగతి రాయనిచ్చిన డ్రమ్ముల తమ్ముడికి, పాత సంపుటాలు దుమ్ము దులిపి తెచ్చిచ్చిన గ్రంథాలయం అమ్మకు, నా గొలుసురాతను ఓపికగా టైపు చేసిన మేనకోడలికి నా కృతజ్ఞతలు. గాయకుడికి చెప్పడం లేదు. వద్దన్నాడు.